పక్క తడిపే పిల్లలకు ఏ మాత్ర?

ఏడేళ్ల పిల్లాడు పక్క తడిపితే ఇరుగుపొరుగు లేవకముందే తల్లి దుప్పటి ఉతికి ఆరేస్తుంది. చుట్టాలింట్లో రాత్రి బస మానేస్తారు. హాస్టల్లో చేర్చే రోజు దగ్గరపడితే డాక్టరును అడిగేది ఒక్కటే: 'దీనికి మాత్ర ఏమన్నా ఉందా?'

మాత్రలు ఉన్నాయి. కానీ అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇమిప్రమిన్ దిగులు జబ్బుకు వాడుకలోకి వచ్చిన మందు. పక్క తడపడాన్నీ తగ్గిస్తుందని 1960లో వైద్య పత్రికకెక్కింది. చవక. అయితే సగటున వారానికి ఒక రాత్రి పొడిగా గడిచేలా చేస్తుంది, అంతే. ఆపేస్తే చాలామందికి మళ్లీ మొదటికొస్తుంది. పైగా మోతాదు మించితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో మూడేళ్ల చెల్లెలుంటే ఆ సీసా ఎక్కడ దాస్తారు? ఎక్కువమంది పిల్లల్లో ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే మానే అలవాటుకు ఇంత ముప్పు మొదటే తలకెత్తుకోవడం తప్పు.

ఆక్సీబ్యుటినిన్ మూత్రాశయాన్ని సడలిస్తుంది. పగలు కూడా ఆపుకోలేని పిల్లలకు తోడు మందుగా పనికొస్తుంది. రాత్రి మాత్రమే తడిపేవారికి అదొక్కటే ఇస్తే పెద్దగా ఫలితం ఉండదు. మలబద్ధకం తెస్తుంది, మలబద్ధకమేమో పక్క తడపడాన్ని పెంచుతుంది.

మిగిలింది డెస్మోప్రెసిన్. రాత్రివేళ మూత్రాన్ని తగ్గించే హార్మోనుకు ఇది నకలు. పనిచేసే పిల్లల్లో కొద్ది రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. ఆపితే తడి తిరిగొస్తుంది కాబట్టి పెళ్లికో, విహారయాత్రకో, హాస్టలుకో సరిపోతుంది. కానీ మాత్రకు గంట ముందు నుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటల వరకు నీళ్లు దాదాపు మానేయాలి. లేకపోతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. ముక్కులో కొట్టే స్ప్రే రూపాన్ని ఈ సమస్యకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో చెప్పింది ఇందుకే. పడుకునే ముందు గ్లాసుడు పాలు తాగించే మన ఇళ్లలో ఈ నియమం చీటీ మీద పెద్దక్షరాల్లో ఉండాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్ర ఆపేయాలి.

వీటన్నిటికంటే నిలిచే ఫలితాన్నిచ్చేది మందే కాదు. తడి తగలగానే మోగే అలారం 1938 నాటిది. దాన్ని ఓపికగా వాడిన పిల్లల్లో సుమారు మూడింట రెండొంతుల మంది పొడిగా లేస్తారు, ఆపాక వారిలో సగం మంది అలాగే నిలబడతారు. బ్రిటన్ మార్గదర్శకాలు 2010లో దానికే తొలిపీట వేశాయి. రెండు మూడు నెలలు ఇల్లంతా నిద్ర చెడుతుంది, నిజమే. అయినా మాత్రకంటే ముందు ఆ మాట చెప్పించుకునే హక్కు తల్లిదండ్రులకుంది.

హాస్టలుకు వెళ్లే పిల్లాడి పెట్టెలో మాత్రల అట్ట ఒక్కటే పెట్టి పంపితే సగం వైద్యమే. ఆ రాత్రి నీళ్ల లెక్క చూసే వార్డెనుకు విషయం ముందే చెప్పాలి, గదిలోని మిగతా పిల్లల చెవిన పడకుండా.