తల్లి నుంచి వచ్చింది, తల్లి తప్పు కాదు



"మైటోకాండ్రియాలను కణ శక్త్యాగారాలు అంటారు." ఈ వాక్యం మీకు కంఠతా వచ్చు. రాస్తే మార్కులూ వస్తాయి. కాని ఆ శక్త్యాగారాలు సరిగా పనిచేయకపోతే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

మన కంటినే తీసుకోండి. కంటి లోపల వెనుక గోడను అంటి ఉండే పలుచని పొర రెటీనా. దాని నుంచి సుమారు పది లక్షల సన్నని నాడీతంతువులు బయలుదేరి, ఒక కట్టగా కూడి మెదడుకు పోతాయి. ఆ కట్టే దృక్ నాడి. మీరు కళ్లు తెరిచి ఉన్నంతసేపూ ఈ తంతువులు మెదడుకు వార్తలు మోస్తూనే ఉంటాయి. ఆ పనికి కావలసిన శక్తిని ఎ.టి.పి. రూపంలో అందించేవి ముఖ్యంగా మైటోకాండ్రియాలే. అందుకే వాటిలో లోపం వస్తే కంటికి ముప్పు.

1871లో థియోడోర్ లీబర్ అనే జర్మన్ నేత్రవైద్యుడు ఒక వ్యాధిని వర్ణించాడు. ఇది ఎక్కువగా యువకులకు వస్తుంది. నొప్పి లేకుండానే ఒక కంటికి చూపు మధ్యభాగం మసకబారుతుంది. కొన్ని వారాల్లోనో, నెలల్లోనో రెండో కంటికీ అదే గతి. కళ్లజోడు పెట్టినా లాభం ఉండదు.

కారణం తెలియడానికి నూరేళ్లకు పైగా పట్టింది. మైటోకాండ్రియాలకు సొంత డి.ఎన్.ఎ. ఉంది. అందులో ఉన్నవి 16,569 క్షార జతలు. వాటిలో 11,778వ స్థానంలో వచ్చిన ఒక్క మార్పు ఈ వ్యాధికి కారణమవుతుందని 1988లో అమెరికాలో డగ్లస్ వాలెస్ బృందం కనుగొంది. తండ్రి శుక్రకణంలోని మైటోకాండ్రియాలు బిడ్డలో మిగలవు. అండంలోనివే మిగులుతాయి. కనుక ఈ మార్పు తల్లి నుంచే వస్తుంది.

ఈ పాఠం చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి, "అయితే తప్పు తల్లిదే కదండీ, మాస్టారూ?" అన్నాడు. నా మనసు చివుక్కుమంది. బిడ్డకు ఏ జబ్బు వచ్చినా తల్లిని ఆడిపోసుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. దానికి సైన్సును సాక్ష్యానికి పిలవడం అన్యాయం.

ఆలోచించండి. ఆ తల్లికి అది ఆమె తల్లి నుంచి వచ్చి ఉండవచ్చు. ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. ఆమె చూపు బాగానే ఉండి, ఆ సంగతే తెలియకపోవచ్చు. పైగా ఈ మార్పు ఉన్నవారందరికీ చూపు పోదు. పోయేది పురుషులకే ఎక్కువ. పొగతాగే అలవాటు ఆ ముప్పును పెంచుతుంది. అమ్మ ఇచ్చిన జన్యువును మనం ఎంచుకోలేం. సిగరెట్టు మాత్రం మనం ముట్టించుకున్నదే!

కారణం వేరు, నేరం వేరు. ఈ తేడా తెలియనివాడు సైన్సు చదివాడని నేను ఒప్పుకోను.

ఇంకొక్క మాట. ఇప్పుడు ఈ అక్షరాలు మీకు కనబడుతున్నాయంటే, అది కూడా అమ్మ ఇచ్చిన మైటోకాండ్రియాల చలవే. ఆ మాట ఈ రోజు ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పండి.