సంపాదకుని మాట: టీకొట్టు సెలక్షన్ కమిటీ

నంద్యాల టీకొట్టులో గ్లాసు చల్లారినా వాదన చల్లారదు. ఆళ్లగడ్డ శిల్పశాలలో ఉలి చప్పుడు ఆగిందంటే, ఎవరి ఫోన్‌లోనో వికెట్ పడిందన్నమాట.

2025 నవంబరులో ఐపీఎల్ చెన్నై జట్టు జడేజా, శామ్ కరన్‌లను రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకుంది. లాభమా, నష్టమా? అదే నెలలో హైదరాబాద్ జట్టు షమీని లక్నోకు వదిలేసింది. ఆ తగవు ఇంకా తెగలేదు.

హైదరాబాద్ కెప్టెన్ సంగతికొస్తే, కమిన్స్‌కు 20.5 కోట్లు దండగన్నవాళ్లు 2024లో నాలుక కరుచుకున్నారు. తొలి క్వాలిఫయర్‌లో కోల్‌కతా చేతిలో ఓడినా, పట్టికలో రెండో స్థానం హైదరాబాద్‌కు మరో అవకాశమిచ్చింది. రాజస్థాన్‌ను ఓడించి ఫైనల్ చేరింది. అక్కడ 113 పరుగులకే కుప్పకూలింది.

ఈ సంచిక ఆ లెక్కలనే విప్పుతోంది. చదివాక పాఠకులు తమ ఊరి అరుగు మీద తేలిన తీర్పును ఉత్తరం రాసి పంపాలి.