మోటారుబండ్ల కన్నులు

ఆదోని ప్రత్తి మార్కెట్టున రైతు సరకు దింపుటకు ముందు కాటాను జూచును. తూనికలు కొలతల శాఖవారి ముద్ర లేని కాటాపై తూకమునకు చట్టమొప్పదు. ఎమ్మిగనూరు నేతగాడు పడుగు సరిచూచుకొనిన పిమ్మటనే నాడెను విసరును. కొలత తప్పిన కష్టమెల్ల వ్యర్థమని పడమటి కర్నూలు ప్రజలకు మేము చెప్పనక్కరలేదు. ఈ న్యాయమునే క్రొత్త మోటారుబండ్లకును వర్తింపజేయవలసిన కాలము వచ్చినది.

2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వెలువడిన నాటినుండి డ్రైవరుకు తోడ్పడు కెమేరాలు, రాడార్లు మన దేశపు కార్లలో నానాటికి వ్యాపించుచున్నవి. ముందద్దము వెనుకనున్న కెమేరా రోడ్డుగీతలను, ఎదుటి బండ్లను గుర్తించును. బంపరు చాటున నున్న రాడారు దూరమును, వేగమును గొలుచును. అపాయము దోచినచో యంత్రమే బ్రేకు వేయును. కాని అద్దము మార్చినను, బంపరు విప్పి బిగించినను, ఈ కన్నుల చూపు చెదరవచ్చును. ఒక్క డిగ్రీ తప్పిన చూపు 100 మీటర్ల దూరమున సుమారు 1.75 మీటర్లు ప్రక్కకు బోవును. రోడ్డుపై నొక బండివరుస వెడల్పు సాధారణముగ 3.5 మీటర్లు, అందిది సగము! ప్రక్కవరుస లారీని తన యెదుటిదని భ్రమించుటకును, ఎదుట నిలిచిన ప్రత్తిబండిని గానకుండుటకును ఇంత చాలును.

దీనిని సరిదిద్దు విద్య యున్నది. సమతలమైన నేలపై, తగిన వెలుతురున బండిని నిలిపి, కంపెనీ నిర్ణయించిన దూరమున గుర్తుల పలకనుంచి, స్కానరుతో చూపును సవరింతురు. దీనినే కాలిబ్రేషన్ అందురు. కొన్ని బండ్లను గీతలు స్పష్టముగ నున్న రోడ్డుపై నియమితవేగమున నడిపి సరిచేయుదురు. ఇది మన మెకానిక్కులకు అలవికాని పని గాదు. వారికి గావలసినవి కొలతల పట్టికలు, పరికరములు, శిక్షణము. విడిభాగములను, సాంకేతిక సమాచారమును వెలుపలి మెకానిక్కుల కందనీయలేదని కాంపిటీషన్ కమిషన్‌వారు 2014లో 14 కార్ల కంపెనీలకు జరిమానా విధించిరి. 2022లో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కు పోర్టలును నెలకొల్పి, అందు మోటారుబండ్లను గూడ జేర్చెను. ఆ హక్కు ఆదోని షెడ్డు వరకును రావలెను.

శిక్షణము లేని చేతులవలన ప్రాణాపాయమని కంపెనీలు వాదింపవచ్చును. అందు సత్యము లేకపోలేదు. అట్లయిన శిక్షణమిచ్చి, పరీక్షించి, కాటాకువలె షెడ్డుకును ముద్ర వేయుడు. ఈ పనికై దూరనగరమునకు బోవలసిన యజమాని పోకయే బండి నడుపును. అపాయమంతయు నచటనే యున్నది.

కావున కంపెనీలు కాలిబ్రేషన్ విధానమును న్యాయమైన వెలకు బయటపెట్టవలెను. ప్రభుత్వమువారు ఐ.టి.ఐ.లలో ఈ విద్యను నేర్పి, ఆదోని ఎమ్మిగనూరు రోడ్డుపై గీతలు చెరగకుండ జూడవలెను. అద్దము మార్పించిన యజమాని కాలిబ్రేషన్ రిపోర్టు చేతికందనిదే షెడ్డు దాటరాదు. అన్నియు సరిగనున్నను, యంత్రము కన్ను తెరచినదని డ్రైవరు తన కన్ను మూయరాదు.