గృహిణియు కరెంటు లెక్కయు



పాలవాని లెక్క, చాకలి పద్దు, కిరాణా చీటీ - వీనినెల్ల పైసలతో సహా సరిచూచు మనము, కరెంటు బిల్లును మాత్రము చూచి నిట్టూర్చి చెల్లించుచున్నాము. సొమ్ము హెచ్చిన నెలలో ఇంట నెవరినో యొకరిని నిందించుటయు గలదు. ఆ తప్పు నేనును జేసితిని. కావుననే యీ మాసము ఈ విషయమును గైకొంటిని.

సంక్రాంతి పిమ్మట మా బిల్లు ఇంచుమించు రెట్టింపయ్యెను. మా అత్తగారు దోమల బాధచే చలికాలమునను రాత్రియెల్ల పంకా త్రిప్పుకొందురు. "ఈ పంకా మూలముననే యింత వచ్చినది" అని నేను విసుగుకొంటిని. ఆమె మారు పలుకలేదు. ఆ రాత్రి మొదలు పంకా ఆపి, చీరకొంగు ముఖముపై కప్పుకొని పరుండజొచ్చిరి. నాల్గవనాడు ఆమె చేతులపై దద్దురులు చూచి నా మనసు చివుక్కుమన్నది. కాగితము, కలము తీసికొని లెక్కకు గూర్చుంటిని.

లెక్క కష్టమైనది కాదు. పరికరములపై వాని వాట్లు ముద్రింపబడియుండును. అది శక్తి నెంత జోరుగా గైకొనునో తెలుపు కొలత. ఆ వాట్లను వాడిన గంటలచే గుణించి, 1000 చే భాగించిన యూనిట్లు వచ్చును. వాట్లు మాత్రమే చూచినను, గంటలు మాత్రమే చూచినను మోసపోవుదుము. పండుగనాడు వచ్చి కడుపార భుజించి పోవు చుట్టముకన్న, పూటపూటకు పిడికెడు తిను ఇంటిబిడ్డకే యేడాదికి బియ్య మెక్కువ పట్టును గదా! 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను వారమున కొక గంట వాడిన నెలకు సుమారు 4 యూనిట్లు. 60 వాట్ల పాతరకపు బల్బు దినమున కైదు గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు. దాని స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు నుంచిన 1.35 యూనిట్లే.

ఇక మా యింటి లెక్క. పంకా 75 వాట్లు, రాత్రి ఎనిమిది గంటలు: దినమునకు 0.6 యూనిటు, 30 దినములకు 18. ఇది ప్రతినెలయు నున్నదే. మరి క్రొత్తగా వచ్చిన దేమి? ధనుర్మాసపు స్నానములు! మా గీజరు 2000 వాట్లది. తెల్లవారుజామున ఐదుగురికి నీరు కాచుటకు గంటన్నర పట్టెడిది. దినమునకు 3 యూనిట్లు, నెలకు 90! ఆ స్విచ్చి వేయుచుండినది నేనే. పైగా యూనిట్లు హెచ్చినకొలది పై శ్లాబులో ఒక్కొక్క యూనిటు వెలయు హెచ్చును.

నీరు కాచుట మిక్కిలి శక్తిని గోరు పని. 15 లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీలు వేడిచేయుటకు సుమారు 0.44 యూనిటు వలయును. అంతటితో మా పంకా దాదాపు ఆరు గంటలు తిరుగును.

ఫ్రిజ్ విషయమున మాత్రము ఈ గుణకారము పనికిరాదు. అది రేయింబవళ్లు ప్లగ్గులో నున్నను, దాని యంత్రము ఆగి ఆగి నడచును. మన దేశమున 2006 నుండి వచ్చిన నక్షత్రముల చీటీపై సంవత్సరమున కగు యూనిట్లు వ్రాసియుండును. వానిని 12 చే భాగించి చూచుకొనుడు.

ఆ సాయంకాలము కాగితము అత్తగారి ముందుంచి, తప్పు నాదని చెప్పుకొంటిని. ఆమె నవ్వి, "ఈ అంకెలు నాకేల అమ్మాయీ, ముందా పంకా వేయుము" అనిరి.

ఇప్పుడు మా యింట మనిషి కొక్క బకెట్టు వేడినీరే. సోదరీమణులు ఈ వారముననే తమ యింటి పరికరముల వాట్లను, గంటలను ఒక కాగితముపై వ్రాసికొందురు గాక. ఎవరినైన ఒకమాట అనుటకు ముందు ఆ కాగిత మొక్కసారి చూచుట మంచిది.