స్కాన్ నార్మల్ వచ్చినా తల తిరుగుతోందా?



బండి మీంచి పడ్డ కుర్రాణ్ని 108లో పెద్దాసుపత్రికి చేరుస్తారు. సీటీ స్కాన్ తీస్తారు. రక్తం గడ్డకట్టలేదు, ఎముక చిట్లలేదు, ఇంటికెళ్లమంటారు. వారం తిరిగేసరికి వాడు పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయంటాడు. మంచం మీద పక్కకు ఒత్తిగిలితే గది గిర్రున తిరుగుతోందంటాడు. ఇంట్లోవాళ్లేమో స్కాన్ కాగితం చూసి, కాలేజీ ఎగ్గొట్టడానికి వేషాలంటారు.

స్కాన్ తప్పు కాదు, కుర్రాడు చెప్పేదీ అబద్ధం కాదు. ఇలాంటి తల దెబ్బనే కంకషన్ అంటారు; అందులో మెదడు కుదుపుకు గురై దాని పనితీరు కొంతకాలం తడబడుతుంది. మామూలు స్కాన్‌లో అది కనపడదు. పెద్దల్లో చాలామందికి రెండు వారాల్లో, పిల్లలకు నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోని వాళ్లకు మన ఆసుపత్రుల్లో దారి చూపే నాథుడు లేడు. మా గొడవంతా వాళ్ల గురించే.

తలను అంత విసురుగా ఊపిన దెబ్బ మెడను ఊరికే వదలదు. మెడ పైభాగంలో కీళ్లు, కండరాలు బిగుసుకుంటే ఆ నొప్పి తలలోకి పాకుతుంది. లోపలి చెవిలోని సన్నటి కాల్షియం రేణువులు చోటు తప్పితే పడుకున్నా, లేచినా కళ్లు తిరుగుతాయి. రెంటికీ చేతులతో చేసే చికిత్స ఉంది. నేర్చిన ఫిజియోథెరపిస్టు మెడ కీళ్లను నొప్పి రేగకుండా మెల్లగా కదిలిస్తారు. చూపు నిలవడానికి, అడుగు తూలకుండా ఉండడానికి వ్యాయామాలు నేర్పుతారు. చెవి రేణువులకైతే తలను ఒక వరసలో తిప్పి, ఒక్కో భంగిమలో కాసేపు ఆపుతారు. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతి అది. సూది లేదు, యంత్రం లేదు. బల్ల, తెలిసిన చేతులు ఉంటే చాలు.

కెనడాలోని కాల్గరీ పరిశోధకులు తల దెబ్బ లక్షణాలు తగ్గని యువతీయువకులతో చేసిన పరీక్ష 2014లో అచ్చయింది. మెడకూ శరీర సమతుల్యతకూ ఇలాంటి చికిత్స అందిన 15 మందిలో 11 మందికి 8 వారాల్లో మళ్లీ ఆటలోకి దిగడానికి వైద్యుల అనుమతి దొరికింది. అది అందని 14 మందిలో ఒక్కరికే. చిన్న పరీక్షే, కాదనం. కానీ 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడిన అంతర్జాతీయ నిపుణులు కూడా, పది రోజులు దాటినా మెడనొప్పి, తలనొప్పి, తల తిరుగుడు వదలకపోతే ఈ చికిత్సే సూచించారు. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టవద్దన్నారు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి, ఆపై తేలికపాటి నడక.

మెత్తని చెయ్యి వేరు, మెడ విరవడం వేరు. సెలూన్‌లో ‘టక్’మనిపించుకుంటే హాయిగానే ఉంటుంది, కానీ ఆ విసురుకు మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. దెబ్బ తగిలిన మెడతో ఆ చెలగాటం అసలొద్దు. పుర్రె ఎముకల్ని సర్దుతామనే క్రేనియోసేక్రల్ థెరపీ కంకషన్‌ను నయం చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు దాచుకోండి.

వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, తలనొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, మగత కమ్మినా, చెయ్యో కాలో చచ్చుబడినా ఫిజియోథెరపీ మాటే ఎత్తకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రభుత్వాన్ని మేం కోరేది పెద్ద భవనం కాదు. తల దెబ్బతో వచ్చినవారి డిశ్చార్జి కాగితం మీద, పది రోజులకు తగ్గకపోతే ఎక్కడికి రావాలో తెలుగులో రాయండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక ఫిజియోథెరపిస్టుకైనా ఈ పనిలో శిక్షణ ఇప్పించి, వారానికో పూట ఓపీ పెట్టండి.

సంక్రాంతి కబడ్డీ పోటీలు పెట్టే పెద్దలకూ ఒక మాట. తల అదిరిన కుర్రాడికి ముఖాన నీళ్లు కొట్టి మళ్లీ కూతకు పంపకండి. ఆ రోజుకు వాడి ఆట ముగిసినట్టే. అంతర్జాతీయ క్రికెట్‌లో 2019 నుంచి ఇలాంటప్పుడు బదులు ఆటగాడు వస్తున్నాడు. 2020లో కాన్‌బెరాలో జడేజా బదులు దిగిన చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాచ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. జట్టుకేం నష్టం జరగలేదు!

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. మీ ఇంట్లో తల దెబ్బ బాధితులుంటే స్కాన్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం జిరాక్సులతో ఉదయం పది గంటలకు గేటు దగ్గరికి రండి. అర్జీ మేం రాసి ఉంచుతాం, సంతకం మీరు పెట్టండి.