గుప్పెడు బియ్యము, గంపెడు జొన్నలు



పోయిన ఎండాకాలములో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాము. వాకిలి నిండా పసుపు కొమ్ములు. ధర వస్తే అమ్ముదామని ఆగినారు. ఇంట్లో మాత్రము బియ్యము లేవు. ఆ తల్లి పక్కింటి నుండి సోలెడు బదులు తెచ్చి మాకు వండి పెట్టినది. ఆ ముద్ద మా గొంతు దిగలేదు.

మన ఆర్మూరు నేల ఏమి పండించదు? తొమ్మిది నెలలు పసుపును సాకుతాము. యాసంగికి ఎర్రజొన్న వేస్తాము. అయితే ఆ జొన్న మన రొట్టెకు కాదు, పశుగ్రాసపు విత్తనముగా ఉత్తరాది రాష్ట్రాలకు పోతుంది. ధర కోసము 2019 ఫిబ్రవరిలో మన రైతులు రోడ్డు మీద కూర్చున్నారు. ఆ యేడే లోక్‌సభ ఎన్నికలో నిజామాబాదు నుండి 185 మంది పోటీ చేస్తే, వారిలో ఎక్కువమంది రైతులే. 2025 సంక్రాంతినాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. మంచిదే. కాని బోర్డు పసుపును చూస్తుంది, ఆ తల్లి కుండను ఎవరు చూడాలి?

జహీరాబాదు వైపు స్త్రీలు ఈ ప్రశ్నను ఎప్పుడో వేసుకొన్నారు. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి ఉన్నది. ఎక్కువగా దళిత స్త్రీలు ఊరూరా సంఘములు కట్టుకొన్నారు. (మనము చర్చిని సంఘమంటాము, వారి కూటమికీ అదే పేరు!) 1990ల నడుమ వారు ధాన్యనిధి మొదలుపెట్టారు. పడావుపడిన చెలకలు ఉన్నవారికి దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి విడతలుగా డబ్బు ఇచ్చారు. ఆ అప్పు రూపాయలలో కాక జొన్నలలో తీర్చాలి, అదీ కొన్నేళ్ళపాటు. ఆ జొన్నలను ఊళ్ళోనే నిలువచేసి పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు నిరుపేదలో ఆఫీసు కాగితము చెప్పలేదు, ఊరివారే కూర్చుని తేల్చారు. విత్తనమును కూడ ఇంట్లోనే బూడిద, వేపాకు వేసి దాచుకొంటారు, ఒకరికొకరు ఇచ్చుకొంటారు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చినది.

మన ఆడవారికి ఇది మరీ కొత్త కాదు. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవునికని గుప్పెడు బియ్యము తీసిపెట్టే అలవాటు ఉన్నదే. మా సంఘములో ఆ బియ్యము అమ్మి డబ్బు కానుకలో వేస్తున్నాము. ఇకమీదట సగము గింజగానే ఉంచి, చుట్టుపక్కల మూడు ఊళ్ళ సంఘములతో కలిసి జొన్న, కంది, పెసర కూడ చేర్చి ఒకే నిధిగా నిలుపుదామని స్త్రీల కూడికలో మాట వచ్చినది. చర్చికి వచ్చినా రాకున్నా ఊళ్ళో ఆకలిగొన్న ఎవరికైనా ఇవ్వాలని ఒక ముసలమ్మ పట్టుబట్టినది. ఆమె మాటే నిలిచినది.

అడ్డు చెప్పినవారూ ఉన్నారు. "పసుపు ఏసే మడిల జొన్న ఏస్తే పిల్లల ఫీజులెట్ల కట్టాలె అయ్యగారూ?" అని ఒక సోదరుడు అడిగినాడు. వెంటనే మేము బదులు చెప్పలేకపోయాము. అతని లెక్క అతనికి ఉన్నది. పసుపు మానవద్దు, గట్ల వెంబడి కంది పెట్టి చూడమన్నాము. ఒక్క గట్టుకు ఒప్పుకొన్నాడు.

గింజలు పోయుటకు చర్చి వెనుక గది ఉన్నది. ఎలుకల సంగతి యువకులు చూస్తామన్నారు. తాళపుచెవి ఏ ఊరివారి దగ్గర ఉండాలన్నదే తెగలేదు. దానికోసము వచ్చే శనివారము మళ్ళీ కూర్చుంటున్నాము.