ఫలితం ముందు ఆ ఇంటికే

మేము కాలిఫోర్నియాలో పనిచేస్తున్న కొద్దిమంది తెలుగువాళ్ళం. మాలో ప్రజారోగ్యం చదువుకుంటున్నవాళ్ళున్నారు, గణాంకాలు చూసేవాళ్ళున్నారు, ఒకరిద్దరు నర్సులున్నారు. మా పనంతా లాటినో కుటుంబాల పిల్లలతోనూ పడుచువాళ్ళతోనూ. వాళ్ళ ఒంట్లోకి పురుగుమందు ఎంత చేరుతోంది, రాత్రిళ్ళు వాళ్ళకు నిద్ర ఎందుకు పట్టడం లేదు, జబ్బు చేసినా ఆస్పత్రికి వెళ్ళడానికి ఎందుకు జంకుతున్నారు అన్నవి మా ప్రశ్నలు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నలు మేమే రాసుకున్నాం. జవాబులు పట్టుకొచ్చాం, వ్యాసాలు అచ్చయ్యాయి. జవాబు చెప్పిన పిల్లకు మాత్రం ఏం తేలిందో కబురు పెట్టలేదు. ఇకమీదట అలా చేయం. ఎవరి ఒంటి నుంచి, ఎవరి నోటి నుంచి తెచ్చుకున్నామో ఫలితం ముందు వాళ్ళకే చెప్తాం. ప్రశ్న కూడా వాళ్ళతో కూర్చునే రాస్తాం. ఇది తెలుగులో ఎందుకంటే, ఏటా మన ఊళ్ళ నుంచి వచ్చే విద్యార్థులు కొందరు ఈ పనిలో చేరుతున్నారు. మేము చేసిన తప్పు వాళ్ళు మళ్ళీ చేయకూడదు.

ఆ తప్పు ఎలాంటిదో దాచుకోకుండా చెప్తాం. సలీనాస్ లోయలో, కార్ల గరాజ్‌నే గదిగా మార్చుకుని ఉంటున్న ఒక కుటుంబం. తల్లి అప్పుడే స్ట్రాబెర్రీ కోత నుంచి వచ్చింది, గోళ్ళ చుట్టూ ఎరుపు ఇంకా వదల్లేదు. మా ప్రశ్నాపత్రం స్పానిష్‌లో ఉంది. ఆమె భాష మిస్తెకో, మెక్సికోలోని ఒహాకా కొండల్లో మాట్లాడేది. స్పానిష్ ఆమెకు అంతంతమాత్రం. పద్నాలుగేళ్ళ కూతురు మధ్యలో కూర్చుని మా మాటలు ఆమెకూ, ఆమె మాటలు మాకూ చెప్తోంది. తొమ్మిదో ప్రశ్న గర్భస్రావాల గురించి. ఆ పిల్ల ఆగిపోయింది. కాగితం వంకే చూస్తూ, "మిస్, ఇది మా అమ్మని నేనెలా అడగను?" అంది. తల్లికి ప్రశ్న తెలియలేదు గానీ కూతురి మొహం చూసి ఏదో అర్థమైంది, లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళిపోయింది. మేము ఆ ప్రశ్న వదిలేసి పదోదానికి వెళ్ళాం. మా కంప్యూటర్లో ఆ గడిలో 99 అని పడింది, అంటే 'సమాధానం లేదు' అని. సమాధానం లేకపోవడం కాదు అది. అడిగే తీరు మాకు తెలియకపోవడం. మా పాత ఫైళ్ళలో అలాంటి 99లు ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే ఈరోజుకీ తల వంగిపోతుంది.

కాబట్టి ఏ పిల్ల చేతా తన తల్లికి దుబాసీ పని చేయించం. మిస్తెకో, త్రికీ మాట్లాడే ఇంటికి ఆ భాష వచ్చిన మనిషితోనే వెళ్తాం, ఆ మనిషికి మాతో సమానంగా జీతం ఇస్తాం. అలాంటి మనిషి దొరకకపోతే ఆ ఇంటికి వెళ్ళడం వాయిదా వేసుకుంటాం. 'లాటినో' అన్న ఒక్క మాటతో సరిపెట్టం కూడా. ఉత్తరాదిన మన అందరినీ 'మదరాసీ'లనేవాళ్ళు, ఆ మాట ఎంత గుచ్చుకునేదో మన పెద్దవాళ్ళకు తెలుసు. ప్యుర్టోరికో నుంచి వచ్చిన కుర్రాడు పుట్టుకతోనే అమెరికా పౌరుడు. గ్వాటెమాలా నుంచి వచ్చిన మాయా కుర్రాడికి స్పానిష్ రెండో భాష. టెక్సస్‌లో కొన్ని కుటుంబాలు ఆ నేల అమెరికాలో కలవకముందు నుంచీ అక్కడే ఉన్నాయి. 2020 జనాభా లెక్కల్లో వీళ్ళంతా ఒక్క గడిలో చేరి 6 కోట్ల 20 లక్షలయ్యారు. ఆ గడి ప్రభుత్వానికి పనికొస్తుందేమో గానీ పిల్లవాడి ఆస్తమాకి కారణం వెతికేవాళ్ళకు పనికిరాదు.

సలీనాస్ పేరు ఊరికే ఎత్తలేదు. లెట్యూస్, స్ట్రాబెర్రీ పండే ఆ లోయలో 1999, 2000 సంవత్సరాల్లో 601 మంది గర్భిణులతో బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక అధ్యయనం మొదలుపెట్టారు. దాని పేరు చమాకోస్, మెక్సికో స్పానిష్‌లో 'చిన్నపిల్లలు' అని. ఎక్కువమంది పొలం కూలీల కుటుంబాలవాళ్ళు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల జాడ ఎక్కువగా కనిపించిన తల్లుల పిల్లలకు ఏడేళ్ళ వయసులో పరీక్ష పెడితే, ఆ జాడ తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకంటే ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చింది. ఆ జాతి మందుల్లో ఒకటైన క్లోర్‌పైరిఫాస్‌ను కాలిఫోర్నియా 2020లో అమ్మకుండా ఆపింది. ఆ పేరు మన పత్తి రైతుకీ కొత్త కాదు, ఇంటి పునాదుల్లో చెదలకు పోసేవాళ్ళకీ కొత్త కాదు.

ఆ పిల్లలు ఇంకా పెరుగుతుండగానే, అదే లోయలో 2013 వేసవిలో హెర్మోసా అనే అధ్యయనం జరిగింది. హెర్మోసా అంటే అందగత్తె. ఈసారి స్థానిక హైస్కూలు పిల్లలే పరిశోధకులు. ఏం అడగాలో, ఎవరిని ఎలా పిలవాలో, ఏ సబ్బులు కొనాలో విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి ఆలోచించారు. 14 నుంచి 18 ఏళ్ళ లాటినా అమ్మాయిలు వంద మంది. వాళ్ళు రోజూ వాడే షాంపూ, లోషన్, మేకప్ మూడు రోజులు పక్కనపెట్టి, కొన్ని రసాయనాలు లేవని లేబుల్ మీద రాసి ఉన్నవే వాడారు. ముందూ తర్వాతా మూత్రం పరీక్ష చేశారు. సువాసన కోసం కలిపే థాలేట్లలో ఒకదాని జాడ 27 శాతం తగ్గింది. నిల్వ కోసం వేసే పారాబెన్లలో రెండు దాదాపు 45 శాతం, ట్రైక్లోసాన్ 36 శాతం తగ్గాయి. మూడే రోజుల్లో! తగ్గినవే చెప్పి ఊరుకోలేదు వాళ్ళు. ఇంకో రెండు పారాబెన్లు కాస్త పెరిగాయి, అవి అసలే తక్కువ మోతాదులో ఉన్నా సరే, ఎవరూ ఊహించని ఆ ఫలితాన్నీ 2016లో అచ్చయిన వ్యాసంలో పెట్టారు. మాకు ఈ అధ్యయనంలో అన్నిటికంటే నచ్చింది అదే. పదహారేళ్ళ పిల్లల చేతికి పరిశోధన ఇస్తే నాణ్యత పోతుందని మా సీనియర్లు కొందరు ఇప్పటికీ అంటుంటారు. వాళ్ళకు మా జవాబు ఆ పెరిగిన రెండు అంకెలే.

ప్రశ్న అసలైనవాళ్ళ నుంచి రావడం ఆ లోయకు కొత్తేమీ కాదు. పొట్టి పిడి పారతో రోజంతా వంగి పనిచేస్తే నడుము విరుగుతోందని కూలీలు చెప్పారు, వాళ్ళ తరఫున సలీనాస్‌లోని న్యాయ సహాయ వకీళ్ళు పోరాడారు, 1975లో ఆ పారను కాలిఫోర్నియా నిషేధించింది. జనంతో కలిసి పరిశోధన చేసే ఈ పద్ధతికి పెద్దలు కూడా చాలామంది లాటిన్ అమెరికావాళ్ళే. కొలంబియాలో ఓర్లాండో ఫాల్స్ బోర్దా, బ్రెజిల్‌లో పావులో ఫ్రెయిరే. వాళ్ళ విద్యనే వాళ్ళ మనవలకు మేము నేర్పుతున్నట్టు గొప్పలు చెప్పుకోం.

సంతకం సంగతి. అమెరికా నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల విషయంలో సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి కావాలి, దానితోపాటు పిల్ల ఒప్పుకోలూ కావాలి. రెండోదాన్ని చాలామంది లాంఛనం చేసేశారు. తెలుగువాళ్ళం మేము ఆ పని చేయలేం. 2009లో మన ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పేరుతో సూదులు వేశారు. వాళ్ళలో ఎందరో గిరిజన హాస్టళ్ళ పిల్లలు. వేలాది ఫారాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. 2010లో కేంద్రం దాన్ని ఆపింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకా, మా ఇళ్ళలో పిల్లలకు మేమే వేయించాం. అంత మంచి టీకా మీద కూడా ఊళ్ళలో అనుమానం పుట్టిందంటే పిల్లనీ తల్లినీ అడగకుండా పెట్టిన ఆ సంతకాల పాత్ర తక్కువది కాదు. అందుకే మా దగ్గర పిల్ల 'వద్దు' అంటే తండ్రి సంతకం ఉన్నా పని ఆగుతుంది. మధ్యలో మానేస్తానన్నా కారణం అడగం, ఇస్తామన్న డబ్బు తగ్గించం.

భయం గురించి ఇంకాస్త చెప్పాలి. ఒకే ఇంట్లో చెల్లెలు సలీనాస్‌లో పుట్టిన పౌరురాలు. అన్న రెండేళ్ళప్పుడు సరిహద్దు దాటి వచ్చినవాడు, చిన్నప్పుడే వచ్చినవాళ్ళను వెనక్కి పంపకుండా ఆపే 2012 నాటి డాకా కార్యక్రమం పుణ్యాన పని చేసుకుంటున్నాడు. తండ్రికి ఏ కాగితమూ లేదు. తలుపు తట్టిన చప్పుడైతే ముందు టీవీ కట్టేస్తారు. 'లా మిగ్రా' అంటే ఇమిగ్రేషన్ పోలీసులు, ఆ మాట ఆ ఇంట్లో గుసగుసగానే వినిపిస్తుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో జరిగే పరిశోధనల్లో మనుషుల ఆనవాళ్ళు తెలిసే సమాచారానికి 2017 నుంచి గోప్యతా పత్రం దానంతటదే వర్తిస్తోంది, కోర్టు అడిగినా పేర్లు ఇవ్వనక్కర్లేదు. అది మంచి రక్షణే. అయినా మేము దాని మీదే భారం వేయం. వీసా గురించీ, కాగితాల గురించీ అడగం. వాళ్ళంతట వాళ్ళు చెప్పినా రాసుకోం.

జబ్బుకు వాళ్ళు పెట్టుకున్న పేరును కొట్టేయం. ఒక అమ్మమ్మ మనవడికి 'సుస్తో' పట్టిందంటుంది. ఏదో చూసి హడలిపోయి, తిండి మానేసి, నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని. దడుపు జ్వరానికి తాయెత్తు కట్టించుకున్న మనకు ఆ మాట అర్థం కాకపోవడమేమిటి? ఆందోళన, కుంగుబాటు అని మా ఫారంలో ఉన్న గళ్ళ పక్కన ఆమె మాటా ఉంటుంది, ఆమె చెప్పినట్టే.

డబ్బు విషయం సూటిగా చెప్తాం. ప్రొమోతోరాలు, అంటే మన ఆశా అక్కల్లా వీధి వీధీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, గంటల లెక్కన మాతో సమానంగా తీసుకుంటారు. పరిశోధనలో పనిచేసిన పిల్లల పేర్లు వ్యాసంలో రచయితల వరసలో ఉంటాయి, చివర కృతజ్ఞతల్లో కాదు. ఏ వ్యాసమైనా పత్రికకు వెళ్ళే ముందు ఆ ఊరి చర్చి హాల్లో చదివి వినిపిస్తాం. అక్కడ ఎవరైనా ఇది తప్పు అంటే ఆగి సరిచూస్తాం.

మాతో చేరాలనుకునే తెలుగు విద్యార్థులు మొదటి ఆరు నెలలు ప్రశ్నాపత్రం ముట్టుకోకూడదు. స్పానిష్ నేర్చుకోవాలి, శనివారాలు చర్చి హాల్లో కుర్చీలు వేయాలి, టమాలేలు అనే మొక్కజొన్న పిండివంట చుట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుని వినాలి. ఏడో నెలలో పని మొదలు. ఆ పని పాత ఫైళ్ళలో నుంచి, ఫలితం చెప్పకుండా వదిలేసిన ఇళ్ళ జాబితా తీయడం.

ఆ జాబితాలో మొదటిది ఆ గరాజ్ ఇల్లు. ఆ పిల్లకు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు, నర్సింగ్ చదువుతోంది. తల్లి ఒంట్లో అప్పుడు ఏం తేలిందో చెప్పే కాగితం మా దగ్గరే ఉండిపోయింది. వచ్చే నెల మొదటి ఆదివారం మిస్తెకో వచ్చిన ప్రొమోతోరాను వెంటబెట్టుకుని వెళ్తున్నాం. కాగితం ఆ తల్లి చేతికే ఇస్తాం. తొమ్మిదో ప్రశ్న ఎలా అడిగి ఉండాల్సిందో మాత్రం ఆ అమ్మాయినే అడుగుతాం.